సొంత బోర్డు మళ్లీ పిలవని గిల్‌క్రిస్ట్, హైదరాబాద్‌కి ఎలా ఆడాడు?

వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ రాయ్ గిల్‌క్రిస్ట్ టెస్ట్ కెరీర్ అంతా కలిపితే ఇరవై నెలల పైచిలుకు. 1957 మే 30న ఎడ్జ్‌బాస్టన్‌లో ఇంగ్లండ్ మీద మొదలై 1959 ఫిబ్రవరి 11న ఢిల్లీలో ఇండియా మీద ముగిసింది. 13 టెస్టులు, 57 వికెట్లు, సగటు 26.68. చివరి టెస్ట్ ఆడే నాటికి అతని వయసు 24. అంటే మామూలుగా ఒక ఫాస్ట్ బౌలర్ అసలు పని మొదలుపెట్టే వయసు.

ఫాస్ట్ బౌలర్ల కెరీర్ త్వరగా ముగిసిపోవడం కొత్తేమీ కాదు. మోకాలు పోతుంది, నడుము పట్టేస్తుంది, లేదంటే వెనకాల ఇంకా జోరుగా వేసే కుర్రాడు వస్తాడు. గిల్‌క్రిస్ట్ విషయంలో ఇవేవీ జరగలేదు. ఒంట్లో బాగానే ఉన్నాడు, ఫామ్ కూడా మామూలుగా లేదు, ఆడిన చివరి సిరీస్‌లో నాలుగు టెస్టుల్లో 26 వికెట్లు తీశాడు, అదీ ఒక్కో వికెట్‌కి పదహారు పరుగుల చొప్పున. అయినా మళ్లీ వెస్టిండీస్‌కి ఆడలేదు. ఎందుకని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: కోపిష్టి, చెప్పిన మాట వినలేదు, తన కొంప తనే ముంచుకున్నాడు. ఆ జవాబులో నిజం ఉంది. కానీ అక్కడితో ఆపేస్తే ఒక మ్యాచ్‌లో చేసిన తప్పుకి జీవితకాలం శిక్ష ఎలా పడింది, ఆ శిక్ష వేసే అధికారం అప్పట్లో ఎవరి చేతుల్లో ఉంది అన్న సంగతి పక్కకి పోతుంది.

గిల్‌క్రిస్ట్ పుట్టింది 1934 జూన్ 28న, జమైకాలో సెయింట్ థామస్ అనే జిల్లాలోని సీఫోర్త్‌లో. చెరకు తోటల ప్రాంతం, పేదరికం, పెద్దగా చదువు లేదు. జమైకా జట్టులోకి 1956లో వచ్చాడు, మరుసటి ఏడాది వేసవికల్లా ఇంగ్లండ్ టూర్‌లో ఉన్నాడు. అంత త్వరగా ఎందుకు తీసుకున్నారంటే ఒకటే కారణం, స్పీడ్. ఆరడుగుల మనిషి కూడా కాదు, కానీ చేతులు పొడుగు, సుదీర్ఘమైన రనప్, ఆ పరుగు ఊపు మొత్తం బంతిలోకి వెళ్లేది. అప్పట్లో స్పీడ్ గన్ లేదు కాబట్టి గంటకి ఎన్ని కిలోమీటర్లు అని లెక్క చెప్పలేం. అతన్ని ఎదుర్కొన్నవాళ్లు మాత్రం తమ జీవితంలో చూసిన అత్యంత వేగవంతమైన బౌలర్లలో అతన్ని లెక్కేశారు.

ఇంగ్లండ్‌లో నాలుగు టెస్టుల్లో పది వికెట్లే వచ్చాయి. ఆ టూర్ వెస్టిండీస్ మొత్తానికే బాగా సాగలేదు. మరుసటి సీజన్ పాకిస్తాన్ జట్టు వెస్టిండీస్‌కి వచ్చింది. అది బౌలర్లకి నరకం లాంటి సిరీస్, బ్రిడ్జ్‌టౌన్‌లో హనీఫ్ మహమ్మద్ 970 నిమిషాలు క్రీజులో నిలబడి 337 కొట్టిన సిరీస్, కింగ్‌స్టన్‌లో సోబర్స్ 365 కొట్టిన సిరీస్. అలాంటి పిచ్‌ల మీద గిల్‌క్రిస్ట్ 21 వికెట్లు తీశాడు. ఆ తర్వాత 1958 చివర్లో ఇండియా వచ్చాడు.

ఈ టూర్‌కి ఆల్‌రౌండర్ ఫ్రాంక్ వారెల్ రావాల్సింది, మాంచెస్టర్ యూనివర్సిటీలో చదువు ఉండటంతో రాలేదు. ఆ ఖాళీలో బార్బడోస్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, పేరు వెస్లీ హాల్. ఒక వైపు ఆరడుగులు దాటిన హాల్, ఇంకో వైపు పొట్టివాడైనా అంతకంటే భయపెట్టే గిల్‌క్రిస్ట్. ఎదురుగా ఉన్న ఇండియా జట్టులో అలాంటి స్పీడ్ బౌలర్ ఒక్కడూ లేడు, నెట్స్‌లో ప్రాక్టీస్ చేద్దామన్నా అంత వేగంగా వేసేవాడు దేశంలోనే లేడు. సిరీస్‌లో హాల్ 30, గిల్‌క్రిస్ట్ 26. ఇద్దరూ కలిసి 56 వికెట్లు. ఇండియా 3-0తో ఓడింది, ఐదు టెస్టులకి నలుగురు కెప్టెన్లు మారారు.

కలకత్తా టెస్ట్‌ని కొంచెం దగ్గరగా చూడాలి. 1958 డిసెంబర్ 31న మొదలైంది. రోహన్ కన్హాయ్ 256 కొట్టాడు, బుచర్, సోబర్స్ సెంచరీలు చేశారు, వెస్టిండీస్ 614కి 5 దగ్గర డిక్లేర్ చేసింది. ఇండియా 124, 154. ఇన్నింగ్స్ 336 పరుగుల తేడాతో ఓటమి. గిల్‌క్రిస్ట్ మొదటి ఇన్నింగ్స్‌లో 18 పరుగులిచ్చి 3, రెండో దాంట్లో 55 ఇచ్చి 6. అతని కెరీర్‌లో అదే బెస్ట్. ఆ మ్యాచ్‌లో ఇండియా కెప్టెన్ మన హైదరాబాదీ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్. ఆయనకి అదే చివరి టెస్ట్ అయింది. ఆ తొమ్మిది వికెట్లు తీసినవాడు నాలుగేళ్ల తర్వాత హైదరాబాద్ జట్టుకే ఆడతాడని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవాళ్లు ఉండరు.

ఇప్పుడు బీమర్ సంగతి. గిల్‌క్రిస్ట్ కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఇది సరిగ్గా అర్థం కావాలి. బౌన్సర్ అంటే పిచ్ మీద పడి పైకి లేచే బంతి. బ్యాటర్‌కి అది ఎక్కడ పడిందో కనిపిస్తుంది, ఎంత ఎత్తు లేస్తుందో ఒక అంచనా వస్తుంది, తల దించుకోవడానికో పక్కకి తప్పుకోవడానికో ఒక్క క్షణం దొరుకుతుంది. బీమర్ అసలు నేల మీద పడదు. బౌలర్ చేతిలోంచి నేరుగా మొహం మీదకి వస్తుంది. బ్యాటర్ కళ్లు అలవాటు ప్రకారం బంతి ఎక్కడ పడుతుందా అని కిందికి చూస్తుంటాయి, బంతి మాత్రం ఆ చూపుకి పైనుంచి వస్తుంది. నిజమైన ఫాస్ట్ బౌలర్ వేస్తే చేతిలోంచి బ్యాటర్ దాకా అర సెకను కూడా పట్టదు. హెల్మెట్లు క్రికెట్‌లోకి వచ్చింది 1970ల చివర్లో. అంటే 1959లో బ్యాటర్ తలకి ఉన్న రక్షణ ఒక గుడ్డ టోపీ, లేదంటే తలపాగా.

దీనికి తోడు అప్పటి నో బాల్ రూల్ కూడా వేరు. ఇప్పుడు ముందు కాలు చూస్తారు, అప్పుడు వెనక కాలు చూసేవాళ్లు. వెనక పాదం క్రీజు వెనక పడితే చాలు, ఆ తర్వాత బౌలర్ ఆ కాలిని ఈడ్చుకుంటూ ఎంతో ముందుకొచ్చి బంతి వదలొచ్చు. పొడుగు రనప్ ఉన్న ఫాస్ట్ బౌలర్లకి ఇది బాగా కలిసొచ్చేది, ఇరవై రెండు గజాల పిచ్ బ్యాటర్‌కి బాగా కురచైపోయేది. గిల్‌క్రిస్ట్ మీద ఇంకో ఆరోపణ ఉంది, కావాలనే క్రీజు బాగా దాటి వచ్చి, నో బాల్ అని తెలిసే, బ్యాటర్‌ని బెదిరించడానికి వేసేవాడని. బీమర్‌కి అప్పట్లో ఇప్పుడున్నంత స్పష్టమైన నిషేధం లేదు. ఈరోజు రూల్ ప్రకారం నడుము పైకి వచ్చే ఫుల్ టాస్ ఏదైనా నో బాలే, ప్రమాదకరమని అంపైర్ అనుకుంటే ఒకసారి హెచ్చరిక, మళ్లీ వేస్తే ఆ ఇన్నింగ్స్‌లో ఇక బౌలింగ్ లేదు. ఆ రోజుల్లో అంతా మర్యాద మీద నడిచేది. మర్యాద మీద నడిచేది అంటే, ఆ మర్యాద ఏమిటో, ఎవరు తప్పారో చెప్పే పెద్దమనిషి ఒకడు ఉంటాడని అర్థం. వెస్టిండీస్ జట్టులో ఆ పెద్దమనిషి కెప్టెన్ జెర్రీ అలెగ్జాండర్.

ఢిల్లీ టెస్ట్ అయిపోయాక, జట్టు పాకిస్తాన్ వెళ్లేముందు అమృత్‌సర్‌లో నార్త్ జోన్‌తో మ్యాచ్. నార్త్ జోన్ తరఫున స్వరణ్‌జిత్ సింగ్ ఆడుతున్నాడు. కేంబ్రిడ్జ్‌లో చదివినవాడు. అలెగ్జాండర్ కూడా కేంబ్రిడ్జే. స్వరణ్‌జిత్ ఒక బంతిని బౌండరీకి కొట్టి ఏదో మాట అన్నాడని, దాంతో గిల్‌క్రిస్ట్‌కి ఒళ్లు మండి బీమర్లు మొదలుపెట్టాడని చెబుతారు. కెప్టెన్ ఆపమన్నాడు. ఆపలేదు. లంచ్ సమయానికి కథ ముగిసింది. అలెగ్జాండర్ అతన్ని మళ్లీ మైదానంలోకి రానివ్వలేదు, తర్వాతి విమానంలో ఇంటికి పంపేశాడు. మిగతా జట్టు పాకిస్తాన్ వెళ్లింది, అక్కడ 2-1తో ఓడిపోయింది.

ఇక్కడ తేటగా ఒక మాట చెప్పాలి. ఆ రోజు అలెగ్జాండర్ చేసింది తప్పని అనడం కష్టం. హెల్మెట్ లేని మనిషి తల మీదకి కావాలని బీమర్లు వేసే బౌలర్‌ని ఆపడం కెప్టెన్ బాధ్యత. ఆపమని చెప్పాక కూడా వేశాడు కాబట్టి జట్టు నుంచి తీసేయడం కూడా అన్యాయం కాదు. అది మొదటి గొడవ కూడా కాదు, టూర్ పొడవునా ఇద్దరికీ పడలేదు. గిల్‌క్రిస్ట్‌ని అభిమానించేవాళ్లు ఈ భాగాన్ని చిన్నది చేసి చెబుతుంటారు. అలా చేయకూడదు, ఎందుకంటే అవతల క్రీజులో నిలబడ్డవాడి ప్రాణం సంగతి అది.

అసలు ప్రశ్న ఆ తర్వాత మొదలవుతుంది. టూర్ నుంచి పంపేయడం ఒక శిక్ష. ఇక ఎప్పటికీ పిలవకపోవడం ఇంకో శిక్ష. మొదటిది కెప్టెన్ వేశాడు, రెండోది బోర్డు వేసింది. ఎన్నాళ్లు దూరంగా ఉండాలి, ఏం చేస్తే తిరిగి రావచ్చు, ఎవరి ముందు ఏం చెప్పుకోవాలి, ఇలాంటివేవీ లేకుండా తలుపు వేసేశారు.

దీన్ని అప్పటి కరీబియన్ పరిస్థితి నుంచి విడదీసి చూడటం కుదరదు. 1959 నాటికి జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్ అన్నీ ఇంకా బ్రిటిష్ పాలనలోనే ఉన్నాయి. వెస్టిండీస్ జట్టుకి పూర్తి స్థాయిలో నల్లజాతి కెప్టెన్ అప్పటిదాకా లేడు. ఆ పదవి తెల్లవాళ్లకో, లేత రంగు ఉన్న ఉన్నత కుటుంబాల వాళ్లకో వెళ్లేది. అలెగ్జాండర్ ఆ వర్గం నుంచి వచ్చినవాడే. నల్లజాతివాడైన వారెల్ కెప్టెన్ కావాలని రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్ ట్రినిడాడ్‌లో తన పత్రికలో 1960లో పెద్ద ఉద్యమమే నడిపాడు. అలాంటి చోట చెరకు తోటల నుంచి వచ్చి, చదువు పెద్దగా లేక, కోపం దాచుకోవడం చేతకాని ఒక నల్ల ఫాస్ట్ బౌలర్‌ని బోర్డు పెద్దలు ఎలా చూసి ఉంటారో ఊహించడం కష్టం కాదు. తర్వాతి కాలంలో జమైకా ప్రధాని అయిన మైకేల్ మ్యాన్లీ వెస్టిండీస్ క్రికెట్ చరిత్ర రాస్తూ గిల్‌క్రిస్ట్ స్వభావాన్ని పేదరికం మిగిల్చిన గాయాలతో ముడిపెట్టి చూశాడు. సాకు చెప్పడం కోసం కాదు, ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో తెలియకుండా తీర్పు చెప్పొద్దని.

అలాగని అలెగ్జాండర్‌ని విలన్‌గా గీస్తే అదీ అన్యాయమే. 1960-61 ఆస్ట్రేలియా టూర్‌కి వారెల్ కెప్టెన్ అయ్యాక, అలెగ్జాండర్ ఆయన కింద ఆటగాడిగా, వికెట్ కీపర్‌గా మనస్ఫూర్తిగా ఆడాడు, ఆ సిరీస్‌లో 484 పరుగులు చేశాడు. బ్రిస్బేన్‌లో టై అయిన ఆ చరిత్రాత్మక టెస్ట్‌లో చివరి ఓవర్ వేసింది హాల్. ఆ టూర్‌లో హాల్‌కి జోడీగా గిల్‌క్రిస్ట్ ఉంటే ఎలా ఉండేదో అన్న ఊహ వెస్టిండీస్ క్రికెట్ ప్రేమికులని ఇప్పటికీ వదలదు. అప్పటికి అతనికి 26 ఏళ్లే. అంతకుమించి, మాట వినేలా చేయగల కెప్టెన్ అంటూ ఒకడు ఉంటే వారెలే అయి ఉండేవాడు. ఆ ప్రయోగం జరగనే లేదు.

గిల్‌క్రిస్ట్ ఇంగ్లండ్‌లోని లాంకషైర్ లీగుల్లో బతుకు వెతుక్కున్నాడు. మిడిల్టన్, బేకప్ లాంటి ఊళ్ల క్లబ్బులు. ఒక్కో క్లబ్‌కి ఒకే ఒక్క ప్రొఫెషనల్ ఉంటాడు, మిగతావాళ్లంతా వారమంతా మిల్లులోనో ఆఫీసులోనో పని చేసుకుని వీకెండ్‌లో ఆడేవాళ్లు. ప్రొఫెషనల్ బాగా ఆడితే ప్రేక్షకుల మధ్య డబ్బా తిప్పి చిల్లర పోగుచేసి ఇస్తారు. అక్కడ సీజన్ తర్వాత సీజన్ వంద వికెట్లకి పైగా తీస్తూ పోయాడు. ఈడెన్ గార్డెన్స్‌లో జనసముద్రం ముందు వేసిన బౌలింగ్‌ని గుమస్తాలు, మిల్లు కార్మికులు ఎదుర్కోవాల్సి వచ్చింది, అది వాళ్లకీ క్షేమం కాదు, అతనికీ సరైన చోటు కాదు.

సరిగ్గా ఈ సమయంలో కథ హైదరాబాద్ వైపు తిరుగుతుంది. 1962లో ఇండియా జట్టు వెస్టిండీస్ వెళ్లి 5-0తో ఓడింది. అంతకంటే ఘోరం, బార్బడోస్ మ్యాచ్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తగిలి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె చిట్లింది. ప్రాణం దక్కింది, రక్తం ఇచ్చినవాళ్లలో ఫ్రాంక్ వారెల్ ఒకడు, కానీ కాంట్రాక్టర్ మళ్లీ టెస్ట్ ఆడలేదు. 21 ఏళ్ల పటౌడీ కెప్టెన్ అయ్యాడు. నిజమైన ఫాస్ట్ బౌలింగ్ ఆడటం మనవాళ్లకి ఎలా అలవాటు చేయాలన్నది భారత బోర్డుకి ప్రాణాల మీదకొచ్చిన ప్రశ్న అయిపోయింది. దేశంలో అలాంటి బౌలర్లు లేరు కాబట్టి బయటి నుంచే తెద్దామనుకున్నారు. 1962-63 సీజన్‌కి నలుగురు వెస్టిండియన్ ఫాస్ట్ బౌలర్లని పిలిచి దేశవాళీ జట్లకి పంచారు. చెస్టర్ వాట్సన్ ఢిల్లీకి, లెస్టర్ కింగ్ బెంగాల్‌కి, చార్లీ స్టేయర్స్ బాంబేకి. హైదరాబాద్‌కి రాయ్ గిల్‌క్రిస్ట్.

దీన్ని ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. మూడున్నరేళ్ల క్రితం గిల్‌క్రిస్ట్ బీమర్లు వేసింది భారత బ్యాటర్ల మీద. అతని వల్ల ప్రమాదం పొంచి ఉన్నది మనవాళ్లకే. దెబ్బ కాచుకున్న దేశమే పిలిచి, డబ్బిచ్చి, తన రంజీ జట్టులో పెట్టుకుంది. అతని సొంత బోర్డుకి మాత్రం అప్పటికీ మనసు రాలేదు. ఇండియా చేసింది ఏదో క్షమాగుణంతో చేసిందని కాదు, అవసరం కోసం చేసింది. కానీ అవసరం ఉన్నప్పుడు ఈ మనిషిని మళ్లీ గ్రౌండ్‌లోకి తేవడం అసాధ్యమేమీ కాదని ఆ సీజన్ చూపించింది. హైదరాబాద్ కెప్టెన్ ఎం.ఎల్. జయసింహ, కాలర్ పైకి లేపి హుందాగా నడిచే మన సికింద్రాబాద్ స్టయిలిష్ బ్యాటర్, ఆ భయంకరమైన వెస్టిండీస్ టూర్‌లో ఉన్నవాడు. అలాంటి కెప్టెన్ చేతిలో కొత్త బంతితో గిల్‌క్రిస్ట్! అప్పటి సౌత్ జోన్ జట్లకి ఎంత టెన్షన్ పుట్టి ఉంటుందో చెప్పక్కర్లేదు.

ప్రయోగం ఫలించిందా అంటే కొంతవరకు అనాలి. అన్నిటికంటే బాగా గుర్తుండాల్సింది పంకజ్ రాయ్ కథ. 1958-59లో హాల్, గిల్‌క్రిస్ట్ జోడీని ఓపెనర్‌గా ఎదుర్కొని నలిగిపోయినవాడు, ఫాస్ట్ బౌలింగ్‌కి భయపడతాడన్న మాట పడ్డవాడు. ఇప్పుడు వయసు 34, టెస్ట్ జట్టులో చోటు పోయి రెండేళ్లయింది. రంజీలో బెంగాల్ తరఫున హైదరాబాద్ మీద, అదే గిల్‌క్రిస్ట్ బౌలింగ్‌లో, రెండు ఇన్నింగ్స్‌ల్లోనూ సెంచరీలు కొట్టాడు. ఆ సెంచరీల వల్ల ఆయనకి టెస్ట్ జట్టులో మళ్లీ చోటు రాలేదు. అయినా ఫాస్ట్ బౌలింగ్ అంటే భయపడతాడన్న మాటకి ఆయన బ్యాట్‌తో ఇవ్వగల జవాబు ఇచ్చేశాడు.

గిల్‌క్రిస్ట్‌కి అలాంటి జవాబు చెప్పే అవకాశం రాలేదు. హైదరాబాద్ సీజన్ తర్వాత మళ్లీ లీగులకే వెళ్లిపోయాడు. 1963లో వారెల్ జట్టు ఇంగ్లండ్ వచ్చి సిరీస్ గెలిచింది, హాల్, గ్రిఫిత్ జోడీ అక్కడ హీరోలయ్యారు. గిల్‌క్రిస్ట్ అదే దేశంలో, చిన్న ఊళ్ల గ్రౌండ్లలో బౌలింగ్ వేసుకుంటూ ఉన్నాడు. అంకెలు పక్కపక్కన పెడితే తేడా కనబడుతుంది: హాల్ 48 టెస్టుల్లో 192, గ్రిఫిత్ 28 టెస్టుల్లో 94, గిల్‌క్రిస్ట్ 13 టెస్టుల్లో 57. టెస్ట్‌కి సగటున తీసిన వికెట్లు చూస్తే ముగ్గురిలో గిల్‌క్రిస్టే ముందున్నాడు. పదమూడు టెస్టులు చిన్న లెక్కే, ఆ వేగం ఏళ్ల తరబడి నిలిచేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ ప్రతిభ ఏ స్థాయిదో చెప్పడానికి ఆ లెక్క సరిపోతుంది.

దాటేయకూడని ఇంకో సంగతి ఉంది. 1967లో ఇంగ్లండ్‌లో గిల్‌క్రిస్ట్ తన భార్య మీద దారుణంగా దాడి చేసిన కేసులో కోర్టు ముందు నిలబడ్డాడు, కాలుతున్న ఇస్త్రీపెట్టెతో ఆమెని గాయపరిచాడు. కోర్టు ప్రొబేషన్‌తో వదిలేసింది. ఆ తీర్పు చదువుతుంటే ఈరోజు ఎవరికైనా కడుపు మండుతుంది, ఒక ఆడమనిషి మీద జరిగిన ఇంత హింసకి అంత తేలికపాటి శిక్షా అని. ఈ ఘటన గురించి తెలిశాక గిల్‌క్రిస్ట్ పట్ల జాలి ఒక హద్దు దాటకూడదు. 1985లో జమైకా తిరిగి వెళ్లాడు, పార్కిన్సన్ వ్యాధితో బాధపడ్డాడు, 2001 జూలైలో 67 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఈ 1967 ఘటనని చూపించి, చూశారా, బోర్డు 1959లో చేసింది సరైనదే, మనిషే అంత అనేవాళ్లు ఉన్నారు. ఆ వాదన నిలవదు. 1959లో బోర్డు ముందున్నది ఒక 24 ఏళ్ల బౌలర్, అతను మైదానంలో చేసిన ఒక ప్రమాదకరమైన తప్పు. దానికి ఒక ఏడాది నిషేధం వేసి ఉండొచ్చు, రెండేళ్లు వేసి ఉండొచ్చు, బీమర్ వేస్తే ఇక అంతేనని షరతు పెట్టి వారెల్ చేతికి అప్పజెప్పి ఉండొచ్చు, అప్పటికీ మారకపోతే శాశ్వతంగా తీసేసినా అడిగేవాళ్లు ఉండేవాళ్లు కాదు. ఈ మెట్లలో ఒక్కటి కూడా ఎక్కకుండా నేరుగా చివరి మెట్టుకి వెళ్లిపోయారు, ఎనిమిదేళ్ల తర్వాత ఇంట్లో జరిగిన నేరం ఆ తొందరపాటుకి వెనక్కి వెళ్లి కారణం కాలేదు.